మంచుపెట్టెలో చెయ్యి

త్బిలిసి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కుర్రాడు
నా ఒళ్లో కాగితాల కట్ట పెట్టి వెళ్లాడు.
సూది వేసేముందు అందరినీ అడగాలట,
అరవై ప్రశ్నలు.
ఒకటంటే అస్సలు కాదు,
ఐదంటే అచ్చం నేనే.
ఎలాంటి మనిషి టీకాకి చెయ్యి చాపుతాడో
ఎలాంటి మనిషి తలుపేసుకుంటాడో
లెక్క తేలుతుందట.

స్వానేతి కొండల్లో ముప్పై ఒక్క ఏళ్లుగా నర్సుని.
ఈ రాతి బురుజుల ఊళ్లో
ఎవరి జబ్బ మీద ఏ మచ్చ ఉందో
చీకట్లో తడిమి చెప్పగలను.
అయినా బడి గదిలో, కట్టెల పొయ్యి పక్కన
కుర్చీ వేసుకుని బుద్ధిగా అడిగాను:
"కొత్త సంగతులంటే మీకు ఇష్టమా?"

గుగూలికి ఇష్టమే. ఐదు.
చంద్రుణ్ణి చూసి ఉల్లి నాటుతుంది,
ఫోనులో జపాను భాష నేర్చుకుంటుంది.
టీకా కొత్తదే కదా అని బయల్దేరింది,
టీకాలో అయస్కాంతం ఉందన్న కబురూ కొత్తదే కదా అని
గుమ్మంలో ఆగిపోయింది.
తీసి ఉంచిన కిటికీలోంచి
గాలీ వస్తుంది, ఈగా వస్తుంది.
ఏం రాయను?

మఖ్వాలా జున్ను ముద్దల మీద తేదీలు చెక్కే మనిషి.
అంత జాగ్రత్తపరురాలు ముందు వరసలో ఉంటుందనుకున్నాను.
ఉంది, నిజమే.
మందు కాగితం మడతలు విప్పి
చీమ తలకాయంత అక్షరాలు నలభై నిమిషాలు చదివి
ఎలా ఉన్నది అలాగే మడిచి ఇచ్చి
"వచ్చే గురువారం" అంది.
ఇప్పటికి నాలుగు గురువారాలు.

జోకియా ఎవరికీ కాదనలేడు.
నాకు సరే అన్నాడు,
దారిలో బావమరిది వద్దంటే వాడికీ సరే అన్నాడు.
అందుకని నేనే ఇంటికెళ్లి
చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను,
దారి పొడుగునా మాట ఆపకుండా.

పోస్టుమాస్టరు కూతురికి జబ్బంటే భయం, సూదంటే భయం.
వచ్చింది, ఏడ్చింది, వేయించుకుంది,
మర్నాడు వాళ్లక్కని లాక్కొచ్చింది.

ఇక బీముర్జా.
"మనుషుల్ని తేలిగ్గా నమ్ముతారా?"
పెన్ను లాక్కుని ఒకటి చుట్టూ సున్నా చుట్టాడు,
కాగితం చిరిగేంత.
చుట్టి, వెళ్లిపోయాడు.
కుర్రాడి కంప్యూటరులో అదొక చుక్క అవుతుంది.
అనుమానపు మనిషి. స్వభావం.

స్వభావం కాదు బాబూ.
కరెంటు లేని ఆ ఏళ్లలో, ఒక ఎండాకాలం,
కొండచరియ విరిగిపడి దారి తెగితే
టీకా సీసాలు రెండు రోజులు లారీలోనే ఉండిపోయాయి.
వెచ్చబడ్డాయని తెలిసీ
(కాదు, తెలుసని ఇవాళ అంటున్నాను,
అప్పుడు పనిచేస్తాయిలే అనుకున్నాను)
అతని చెల్లెలికి వేశాను.
ఆ చలికాలం తట్టు వచ్చింది.
పిల్ల బతికింది.
ఎడమ చెవి బతకలేదు.

ఆ సంగతి అడిగే ప్రశ్న అరవైలో లేదు.
సూది పట్టుకున్నవాళ్ల స్వభావం గురించి
అసలే లేదు.

చివరి రోజు, పొయ్యిలో నిప్పు ఆర్పుతుంటే వచ్చాడు,
బూడిదరంగు టోపీ తియ్యకుండా.
కూర్చోమంటే కూర్చోలేదు.
"పెట్టె తెరువు" అన్నాడు.
తెరిచాను.
చేతి తొడుగు ఊడదీసి
సీసాల కింద, మంచుదిమ్మల మధ్య
చెయ్యి పెట్టి ఉంచాడు.
వేళ్లు ఎర్రబడ్డాయి. తెల్లబడ్డాయి.
నేను చాలమనలేదు.
అనే హక్కు నాకెక్కడిది?

తీసి, తొడకి తుడుచుకుని,
రెండో చేతి చొక్కా పైకి మడిచాడు.
దూది ఒత్తి పట్టుకుని అడిగాను,
అంకె మార్చమంటావా అని.
"ఒకటే ఉంచు" అన్నాడు.
గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.
"చెల్లి బయట నిలబడి ఉంది.
గట్టిగా పిలువు.
కుడి వైపు నుంచి."